గ్యాస్ అయిపోయింది సార్: టీకా తాత్పర్య సహితం

అవతారిక. రోహిణి కార్తె, బెజవాడ, మిట్టమధ్యాహ్నం. పడగ్గదిలోని ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ గాలి విసురుతోందే గాని అందులో చల్లదనం లేదు. (టన్ను అనగా యంత్రం బరువు కాదు, ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అదే లెక్కన గదిలోని వేడిని బయటికి లాగే సత్తా. బయటి పెట్టెను మూడో అంతస్తుకు మోసిన కుర్రాళ్లు మాత్రం మొదటి అర్థాన్నే సమర్థిస్తారు.) నాలుగు ఫోన్ల తరువాత వేంచేసిన మెకానిక్ చెప్పులు గుమ్మంలో విడిచి, గాలికి అరచేయి అడ్డం పెట్టి, సంచీ జిప్పు తీయకముందే ఈ కింది సూత్రాన్ని అనుగ్రహించాడు. కొల్చారం మల్లినాథసూరికి టీక రాయడానికి మేఘసందేశం దొరికింది. ఎవరి ప్రాప్తం వారిది.

మూలం.
"గ్యాస్ అయిపోయింది సార్, కొట్టించాలి."

ప్రతిపదార్థం. గ్యాస్ = రాగి గొట్టములలో సంచరించు శీతలకర ద్రవ్యము (పాత యంత్రములందు ఆర్-22, నేటి వాటిలో ఎక్కువగా ఆర్-32, చాలా కార్లలో ఆర్-134ఎ అని నామాంతరములు); అయిపోయింది = ఖర్చయినది; సార్ = ఓ పర్సు గలవాడా; కొట్టించాలి = నింపించుకొనవలెను.

వ్యాకరణ విశేషం. "అయిపోయింది" అకర్మక క్రియ. ఎవరు చేశారు, ఎక్కడ జరిగింది అన్న ప్రశ్నలకు అది చోటివ్వదు. పెళ్లి అయిపోయింది, సెలవులు అయిపోయాయి అన్నట్టే ఇదీ కాలధర్మమని ధ్వని. "కొట్టించాలి"లో ఇంచుక్ ప్రేరణార్థకం. కొట్టేవాడు ఒకడు, కొట్టించుకునేవాడు మరొకడు, డబ్బు రెండోవాడిది.

శంక. వంటింటి సిలిండర్ నెలకో నెలన్నరకో అయిపోతుంది గదా, ఏసీ గ్యాస్ మూడేళ్లకు అయిపోతే వింతేమిటి? సమాధానం: పొయ్యిలో గ్యాస్ మండుతుంది, ఏసీలో తిరుగుతుంది. బయటి పెట్టెలోని కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. కండెన్సర్‌లో ఆ వేడిని వీధికి వదిలి అది ద్రవమవుతుంది. అక్కడినుంచి సన్నటి దారిలో దూరి, ఒత్తిడి పడిపోయి, లోపలి కాయిల్‌లో ఆవిరవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. ఈ ప్రదక్షిణలో చెంచాడు కూడా ఖర్చు కాదు. గొట్టానికి చిల్లు పడనంత కాలం మొదట పోసిన గ్యాసే యంత్రం కాటికి వెళ్లేదాకా చాలు.

పాఠాంతరం. కనుక "అయిపోయింది" అపపాఠం. లేఖక ప్రమాదమని సరిపెట్టుకోవడానికీ లేదు, బుద్ధిపూర్వకం. "కారిపోయింది" అన్నదే సాధుపాఠం. రెండక్షరాల తేడాతో బేరమే మారిపోతుంది, ఎందుకంటే కారిందనగానే ఎక్కడ అని అడగాలి. రాగి గొట్టాలు బిగించిన నట్ల దగ్గరా, మురిక్కాలవ ఆవిర్లు తినేసిన కాయిల్‌లోనా? నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూసి, బుడగ లేచేదాకా కాచుకు కూర్చోవాలి. చిల్లు పూడ్చాక వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తడినీ లాగెయ్యాలి. ఆపైన యంత్రం ఒంటి మీది చీటీలో అచ్చయిన బరువు ప్రకారం తూచి మరీ పొయ్యాలి. ఇది పూటంతా పట్టే పని. "అయిపోయింది" అంటే పావుగంటలో తేలిపోతుంది. టీకాకారుడు గత రెండు వేసవుల్లోనూ ఆ పావుగంట పాఠానికే దక్షిణ సమర్పించుకున్నాడు.

దోషవిచారం. చల్లదనం లేకపోతే గ్యాస్ లేనట్టే అనడం అతివ్యాప్తి. జల్లెడ లాంటి ఫిల్టర్‌కు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే కాయిల్ మీద మంచు కడుతుంది. గ్యాస్ తగ్గినా అదే మంచు. లక్షణం ఒకటే, రోగాలు రెండు. అందుచేత ముందు ఫిల్టర్ కడిగి, తరువాతే గ్యాస్‌ను శంకించాలి. పాత పద్ధతి ఏసీలో బయటి ఫ్యాన్ తిరుగుతూ కంప్రెసర్ మాత్రం మూలిగి ఊరుకుంటే చాలాసార్లు కెపాసిటర్ దోషం. గోడ వెంట నీళ్లు కారితే సాధారణంగా డ్రెయిన్ పైపులో పాకుడు. వీటన్నిటికీ మనవాడు ఒకే సూత్రంతో పని గడుపుకోవడం శాస్త్రకారులు మెచ్చే లాఘవం.

కారు శాఖ. ఇక్కడ "కారిపోయింది" పాఠానికి పేరులోనే బలముంది. రబ్బరు గొట్టాలు, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు, ఎడతెగని అదురు. ఏళ్ల మీద కొద్దికొద్దిగా ఊరిపోవడం సహజం. ఈ శాఖలో మెకానిక్ మాటకు కొంత ప్రామాణ్యం ఇవ్వక తప్పదు. అయినా గుంటూరు దారిలో చల్లగా ఉన్న బండి బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉడకబెడితే, ముందుగా అనుమానించవలసింది బండి మూతి దగ్గరి కండెన్సర్‌ను, దాని ఫ్యాన్‌ను. పరుగులో ఉన్నంతసేపూ ఎదురుగాలి దాని పని చేసిపెడుతుంది. నిలబడితే ఫ్యానే దిక్కు.

అలంకారం. శ్లేష. "గ్యాస్ కొట్టడం" అన్న పలుకుబడికి మన కుర్రకారు ఏనాడో కల్పించిన రెండో అర్థం చదువరులకు తెలిసినదే. ఒక గ్యాస్ గొట్టంలోకి, మరొకటి చెవిలోకి. రెండోదానికి తూకం లేదు.

తాత్పర్యం. ఓ గృహస్థుడా, చిల్లు వెతుకుటకు నాకు తీరిక లేదు; వచ్చే వేసవిలో మరల కలుసుకొందము.

ఉత్తరపీఠిక. "అయిపోయిందా, కారిపోయిందా బాబూ?" అని అడిగాను. మెకానిక్ నన్ను ఎగాదిగా చూసి, స్టూలు అడిగి, ఎక్కి, మూత తెరిచి ఫిల్టర్ ఊడదీశాడు. దాని మీద దుమ్ము దుప్పటి కప్పినట్టుంది. బాత్‌రూమ్ కుళాయి కింద తనే కడిగి, ఆరబెట్టి, బిగించాడు. అరగంటకు గది చల్లబడింది. వచ్చిన కూలీ మాత్రమే తీసుకుని, చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగాడు.

"ఈసారికి నడుస్తుంది సార్. కాకపోతే పీసీబీ కొంచెం వీక్‌గా ఉంది."

దీనికి టీక ఒకటో తారీఖు తరువాత.