ఇంట్లో ఇంజనీరు

మా బావగారి అబ్బాయీ, మా వీధి తాపీమేస్త్రీ కొడుకూ ఒకే బళ్లో పదో తరగతి పాసయ్యారు. బిల్డింగులు డిజైన్ చేసే ఇంజనీరు కావాలని ఇద్దరికీ ఒకటే పట్టుదల.

బావగారు ఏం చేసినా ఘనంగా చేస్తారు. కొడుకును కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేసి రెండేళ్లు రుబ్బించారు. ర్యాంకు లక్ష దాటింది. నిజానికి సివిల్ సీట్లు చాలా కాలేజీల్లో కన్వీనర్ కోటాలోనే మిగిలిపోతుంటాయి. కానీ బావగారికి నలుగురిలో చెప్పుకునే కాలేజీ కావాలి. అరెకరం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొన్నారు.

మేస్త్రీ కొడుకు పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరాడు.

"డిప్లొమానా! రింగులు కట్టేవాడి కొడుకు రింగులు లెక్కపెట్టుకుంటాడు, అంతేగా" అన్నారు బావగారు.

మూడేళ్లకు చేతిలో డిప్లొమా పడింది. ఈసెట్ రాసి తిన్నగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చున్నాడు, అదీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో. లెక్కేస్తే ఇంటరూ బీటెక్కూ కలిపి బావగారి అబ్బాయికి ఆరేళ్లే, డిప్లొమా బీటెక్కూ కలిపి వీడికీ ఆరేళ్లే. ఆ తర్వాత గేట్ కొట్టి వరంగల్ నిట్‌లో స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేశాడు. అక్కడ నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. అందులోంచే మావాడు ఇంటికి పంపుతున్నాడని మేస్త్రీ వీధంతా చెప్పుకున్నాడు.

బావగారి అబ్బాయి కూడా, సప్లిమెంటరీల సాయంతో, పట్టా తెచ్చుకున్నాడు. ఉద్యోగం బెంగళూరులో, సాఫ్ట్‌వేర్ టెస్టింగు.

నిరుడు మా ఇంటి పిల్లర్లు లేస్తుండగా మేస్త్రీ కొడుకు ఓసారి వచ్చి చూశాడు. ఓ రింగు దగ్గర ఆగి, కొక్కెం మీద వేలు పెట్టాడు.

"నాన్నా, ఇది తొంభై డిగ్రీలే వంచారు. 135కి తిప్పి, కొసలు లోపలికి దిగేలా పెట్టాలి. భూకంపం కుదుపుకు పైన కవరింగు ఊడిందంటే ఈ రింగు విచ్చుకుంటుంది. ఇక నిలువు రాడ్లను పట్టి ఉంచేదేముంది?"

ముప్పై ఏళ్లుగా తొంభైకే వంచిన మేస్త్రీ కిక్కురుమనకుండా కట్టుతీగలు విప్పించి రింగులన్నీ మళ్లీ వంపించాడు. ఐఎస్ 13920 అనే కోడు చెప్పేదీ అదేనట.

అది చూసే కాబోలు, ఈ ఏడాది బావగారు తన మూడంతస్తుల ఇంటికి ఆ మేస్త్రీ కొడుకునే పిలిచారు. స్ట్రక్చరల్ డ్రాయింగులకు నలభై వేలన్నాడు. అప్పటికే ముందువైపు ఎలివేషన్‌కు లక్షన్నర సమర్పించుకున్న మనిషి ఆ మాటకు భగ్గుమన్నారు.

"కనబడని ఇనుముకు నలభై వేలా? కాగితం మీద నాలుగు గీతలు గీయడానికి? ఇంట్లో ఇంజనీరును పెట్టుకుని పైవాడికి ఎందుకివ్వాలోయ్!"

మా అందరి ముందే కొడుక్కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

"ఒరే, మనింటికి పిల్లర్లూ బీములూ నువ్వే డిజైన్ చేసి పంపు. సంతకం కూడా నీదే."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఆ నలభై వేలూ ఇచ్చెయ్ నాన్నా. ఆ ఇంట్లో పడుకునేది నువ్వూ, అమ్మా."