పచ్చ హాస్టల్‌కు మీటరెక్కడ?

చందర్లపాడు వైపు మిరపకాయ ఇంకా కల్లాల్లో ఉండగానే కాలేజీల కరపత్రాలు దిగుతాయి. ర్యాంకుల ఫొటోల పక్కన ఈమధ్య ఒక ఆకు బొమ్మ కూడా మొలిచింది. ఆకు కింద ‘గ్రీన్ హాస్టల్’ అని ఉంటుంది. అంటే పిల్లవాడు అందులో ఉత్త చదువు చదవడు. ఎండతో దీపం వెలిగించుకుని, వాననీళ్ళు పొదుపు చేసుకుని, భూగోళాన్ని కాపాడుతూ నిద్రపోతాడు. ఫీజుల వివరం వేరే కాగితం మీద ఉంటుంది. దాని మీద మాత్రం ఆకు ఉండదు.

ఆలోచన చెడ్డదేం కాదు. అమెరికాలో ఒబెర్లిన్ కాలేజీ వాళ్ళు 2005లో హాస్టళ్ళ మధ్య రెండు వారాల పోటీ పెట్టారు. ఏ హాస్టల్ ఎంత కరెంటు కాలుస్తోందో అందులో ఉండే పిల్లలకే లెక్క చూపించారు. వాడకం మొత్తం మీద 32 శాతం తగ్గింది. నీళ్ళు మాత్రం 3 శాతమే తగ్గాయి. స్నానాల గది దగ్గర ఏ దేశం కుర్రాడైనా ఒకటేనేమో! రెండేళ్ళ తర్వాత అదే కాలేజీలో కొందరు విద్యార్థులు, పొదుపుగా బతకడం ఎలాగో బతికే చూద్దామని ఒక ఇంట్లో చేరారు. మనవాళ్ళు అక్కణ్ణుంచి ఆకు తెచ్చుకుని, మీటరు అక్కడే వదిలేసి వచ్చారు.

మీటరు లేకపోతే మార్కులెలా వస్తాయని మీరు అడగొచ్చు. నిక్షేపంగా వచ్చాయి. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ వారు వెయ్యి మార్కులకు తూచిన పాత పట్టికలో ఏడో అంశానికి వంద. అందులో కరెంటు గురించి ఒక ప్రశ్న ఉండేది: సోలార్, బయోగ్యాస్, గ్రిడ్‌కు పంపడం, సెన్సర్లు, ఎల్‌ఈడీ బల్బులు. అయిదింట్లో నాలుగుంటే గట్టెక్కినట్టే. సాక్ష్యంగా జియోట్యాగ్ ఫొటోలు పెట్టాల్సి వచ్చేది. కాబట్టి వరండాలో బల్బు ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద వేలాడుతోందో కాలేజీ దగ్గర పక్కా లెక్క ఉంది. అది పట్టపగలు కూడా వెలుగుతోందన్న సంగతి ఫొటోలో పడదు. పడినా, వెలుగు బాగా వచ్చిందనుకుంటారు.

ఇక మేడ మీది సోలార్ పలకలు. తనిఖీ బృందాన్ని ముందుగా ఎక్కించేది అక్కడికే. ఆ పలకల ఇన్వర్టరు గ్రిడ్‌కు కట్టి ఉంటుంది. లైను మీద కరెంటు పోతే అది కూడా ఆగిపోవాలి. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కు మేడ మీది కరెంటు తగలకూడదు కదా, నియమం న్యాయమైనదే. కానీ బ్యాటరీకి డబ్బు పెట్టని హాస్టల్లో దాని ఫలితం చూడండి. మే నెల, మిట్టమధ్యాహ్నం. వేసవి వస్తే వాతావరణ శాఖ చెప్పే పెద్ద ఉష్ణోగ్రతల్లో మా నందిగామ పేరు ఉండనే ఉంటుంది. అంత ఎండ పలకల మీద పడుతూ ఉంటుంది, కరెంటు పోతుంది, పలకలు చేతులు కట్టుకు కూర్చుంటాయి, కింద డీజిల్ జనరేటరు గుడగుడమని లేస్తుంది. ఆ పొగలో పిల్లలు ‘సౌరశక్తి భవిష్యత్తు’ మీద ప్రాజెక్టు రాసుకుంటారు.

పలకల పక్కనే సోలార్ వాటర్ హీటరు కూడా ఉంటుంది. మే నెలలో మా వైపు మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికే చెయ్యి పెట్టనివ్వవు. వాటిని ఇంకాస్త కాచడానికి యంత్రం పెట్టినవాడికి ఏ అవార్డిచ్చినా తక్కువే.

రాత్రి సంగతి వేరు. సూర్యుడు డ్యూటీ దిగాక ‘గ్రీన్ ఏసీ బ్లాకు’ నడవాలంటే ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్ థర్మల్ కేంద్రం గొట్టాలు పొగ వదలాల్సిందే. దానికి ఒడిశాలోని తాల్చేరు నుంచి రైళ్ళలో బొగ్గు వస్తుంది. 2020 జనవరి నుంచి స్టారు గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. మొదలవుతాయి కూడా. ఆ వెంటనే రిమోట్ పనిచేస్తుంది. పద్దెనిమిదికి దించి, రెండు దుప్పట్లు కప్పుకుని, పర్యావరణ దినోత్సవం పోస్టరు కింద హాయిగా పడుకుంటారు. పిల్లల్ని అనడానికి లేదు. బిల్లు వాళ్ళకి ఎవరు చూపించారు గనక?

అసలు ఆ భవనం ఎక్కణ్ణుంచి వచ్చింది? జగ్గయ్యపేట పక్కన జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు కొలుముల్ని దాదాపు 1,450 డిగ్రీల వేడి మీద నడుపుతారు. మంట దేనితో పెట్టినా, సున్నపురాయిలో దాగిన కార్బన్ డయాక్సైడ్ బయటికి రాక తప్పదు. నిక్షేపంలాంటి పాత బ్లాకు కూలగొట్టి, కొత్తది కట్టి, దానికి పచ్చరంగు వేస్తే ఆ పొగ లెక్కలోంచి పోతుందనే నమ్మకం మన యాజమాన్యాలది. ఇలాంటి నమ్మకం పూర్వం గంగాస్నానం మీద ఉండేది.

కొడుకును దించడానికి వెళ్ళిన తండ్రి ఎవరైనా, ‘ఏవండీ, ఈ బిల్డింగుకు నెలకు కరెంటు ఎంత కాలుతుందండీ?’ అని అడిగి చూడాలి. వార్డెన్ ముందు ఆకు బొమ్మ చూపిస్తాడు. మళ్ళీ అడిగితే ఆఫీసులో అడగమంటాడు. ఆఫీసులో అడిగితే, ‘మీకెందుకండీ, అంతా ఫీజులోనే కదా’ అంటారు. ఆ మాట నిజమే, అందుకే అడగాలి.

ఆ తండ్రికి మీటరంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. 2020లో అప్పటి ప్రభుత్వం ఉచిత కరెంటు వాడే వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగిస్తామని శ్రీకాకుళం జిల్లాతో మొదలుపెట్టింది. ఎంత కాలుతోందో లెక్క తేలాలి కదా అన్నారు. పత్తికి, మిరపకు తడి పెట్టుకునే మెట్ట రైతు దగ్గర తేలాల్సిన లెక్క, లక్షల ఫీజు కట్టించుకునే చోట తేలనక్కర్లేదట! ఆయన ఇంట్లో పొయ్యిలోకి పత్తికట్టె, పడకకు ఆరుబయట మంచం, దీపం ఆర్పకపోతే అమ్మ కేక. ఆ పొయ్యి పొగ అమ్మ కళ్ళు మండించింది కాబట్టి దాన్ని నేను పొగడను. సంక్షేమ హాస్టల్లో ఒక ట్యూబ్‌లైటు కింద పదిమంది సర్దుకుని చదవడమూ గొప్ప కాదు. కాకపోతే వీళ్ళెవరికీ ఇంతవరకు గ్రీన్ బిల్డింగుల ప్లాటినం రేటింగు వచ్చినట్టు వినలేదు.

మెస్సు గుమ్మం దగ్గర ‘ఆహారం వృథా చేయరాదు’ బోర్డుంది. దాని పక్కన ప్రతి అంతస్తు మీటరు అంకె రోజూ రాయడానికి ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క చాలు. రాయరు. రాస్తే పిల్లలు తమ అంతస్తు అంకె చూసి ఊరుకుంటారా? ఛైర్మన్‌గారి గెస్ట్‌హౌస్ అంకె ఏదని అడుగుతారు.