మెరక మీద మరక

మాది మెట్ట. ఈ ఒక్క మాటను తలకింద పెట్టుకుని జగ్గయ్యపేట, నందిగామ వైపు ఊళ్లు తరతరాలుగా నిద్రపోతున్నాయి. వరదంటే పల్లపువాళ్ల గొడవ. దాని చిరునామా 1977 నవంబరు 19 ఉప్పెనతోనే దివిసీమ అని ఖాయమైపోయింది. సముద్రం పక్కనున్నవాడికి ఉప్పెన, కాలువ కిందివాడికి గండి. మెట్టవాడికి పత్తి చేను, ఎండిన బోరు, కప్పతల్లి ఊరేగింపు. "తాగటానికే నీళ్లు లేనిచోట మునగటం ఏంట్రా!" అని అరుగు మీద పెద్దాయన తేల్చేశాక ఇంకో వాతావరణ హెచ్చరిక దేనికి?

పేర్లు పెట్టిన తాతలు మాత్రం ఏమీ దాచలేదు. మున్నేరు, పాలేరు, కట్టలేరు. ప్రతిదాని తోకకీ 'ఏరు' అని కట్టి మరీ వదిలారు. మున్నేరు కృష్ణలో కలిసేచోట ఊరికి ఏటూరు అన్నారు. ఇంతకంటే పెద్ద అక్షరాలతో బోర్డు రాయడం ఏ శాఖ తరమూ కాదు. మనం ఆ బోర్డు కిందే నిలబడి ప్లాట్ల బ్రోచర్ చదువుకుంటున్నాం.

2024 సెప్టెంబరు 1న ఐతవరం దగ్గర మున్నేరు, గరికపాడు దగ్గర పాలేరు కలిసి 65వ నంబరు జాతీయ రహదారిని ఆపేశాయి. హైదరాబాదు, విజయవాడల మధ్య లారీలు బారులు తీరాయి. అప్పుడు పెద్దలందరి నోటా ఒకటే మాట: అనూహ్యం. అంతకు పదమూడు నెలల ముందు, 2023 జులైలో, ఇదే ఐతవరంలో ఇదే మున్నేరు ఇదే రోడ్డెక్కింది. అప్పుడూ అనూహ్యమే. ఏడాది తిరిగేసరికి మళ్లీ గుమ్మంలో నిలబడ్డ చుట్టాన్ని "ఎవరు బాబూ మీరు?" అని అడిగితే దాన్ని మరుపు అనరు, ఎగ్గొట్టడం అంటారు.

ఈ అనూహ్యాన్ని తక్కువ అంచనా వేయకండి. దేశంలో ఇంతకు మించిన బీమా పాలసీ లేదు. ప్రీమియం కట్టక్కర్లేదు, దరఖాస్తు నింపక్కర్లేదు, క్లెయిము తిరస్కరించేవాడు లేడు. వాగు పక్క పల్లాన్ని గ్రావెల్‌తో పూడ్చి, ముందు ఆర్చి కట్టి, 'రివర్ వ్యూ' అని పేరు పెట్టినవాడికి ఇది వర్తిస్తుంది. ఏటిని పడగ్గది దాకా తెచ్చి చూపించాడు కనుక అతనిమీద మాట తప్పాడన్న నింద కూడా లేదు. ఆ వెంచరుకు సంతకం పెట్టిన చేతికి వర్తిస్తుంది. నీటి దారికి అడ్డంగా రోడ్డును ఎత్తు లేపి, తూముల సంగతి తర్వాత చూద్దామన్న నిపుణుడికి వర్తిస్తుంది. వర్తించనిది మునిగినవాడొక్కడికే. అతని పేరు పాలసీలో ఎక్కడా లేదు.

ఊహకు అందనిదేముంది ఇందులో? మున్నేరు పాకాల వైపు పుట్టి ఖమ్మం మీదుగా దిగుతుంది. ఖమ్మం వంతెన దగ్గర నీటిమట్టం 36 అడుగులు చూపిస్తే ఆ నీళ్లు దారిలో ఆవిరైపోవు. కిందికే వస్తాయి. కింద కృష్ణ నిండుగా ఉంటే ఎగదన్నుతాయి. పెనుగంచిప్రోలు వైపు గేదెలు కాసుకునేవాడికి ఈ లెక్క తెలుసు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి 2009 అక్టోబరులో దాదాపు 11 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చాయి. మధ్యలో పదిహేనేళ్లే. 'వందేళ్ల వరద' అంటే వందేళ్లకోసారి క్యాలెండరు చూసుకుని వచ్చేది కాదండీ, ఏ ఏడాదికాయేడు నూటికి ఒక వంతు రాగలిగినది. ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. ఈ పాటి అవకాశం లాటరీలో ఉంటే ఊరంతా టిక్కెట్లు కొనదూ!

ఇక అసలు బీమా. బండికి పాలసీ ఉందని ధీమాగా ఉంటాం. తీరా చూస్తే అది థర్డ్ పార్టీ. మన బండి ఎదుటివాడి మీదికెళ్తే పనికొస్తుంది, ఏరు మన బండి మీదికొస్తే పనికిరాదు. పూర్తి పాలసీ ఉన్న ఘనుడు నీళ్లలో ఉన్న కారును "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని తాళం తిప్పుతాడు. ఇంజన్‌కు వేరే రక్షణ తీసుకోకపోతే ఆ ఒక్క తిప్పుతో క్లెయిము కూడా తిరగబడుతుంది.

పంట బీమాది ఇంకో రసవత్తర ఘట్టం. ఒక్క రైతు చేను మునిగితే దక్కే పరిహారంలోంచి 2018లో వరిని తప్పించారు. వరి నీళ్ల మొక్క కదా, పీకల్దాకా మునిగితే ఇంకా సంతోషిస్తుందని కాబోలు. వరికి ఈత రాదని ఢిల్లీకి తెలియడానికి ఏడేళ్లు పట్టింది. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తామని 2025 నవంబరులో ప్రకటించారు. పరిహారం కావాలంటే రైతు 72 గంటల్లో కబురు పెట్టాలి. కరెంటు లేదు, సెల్‌కు సిగ్నల్ లేదు, రోడ్డు లేదు, చేలో మాత్రం ఇసుక మేట ఉంది. కౌలురైతయితే ముందు ఆ చేను తాను దున్నినట్టు నిరూపించుకోవాలి.

ఇంటికి? 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ ఉంది. వరద అందులో కలిసే ఉంటుంది. అమెరికాలో మామూలు ఇంటి పాలసీ వరదను గుమ్మం బయటే ఆపేస్తుంది. 1968లో మొదలైన సర్కారు పథకంలో వేరే కొనాలి, ముప్పై రోజులు ఆగాలి. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో ఎక్కువ వాటికి ఆ పాలసీ లేదు. మ్యాపులో ముంపు గీతకు అవతల ఉన్నాం కదా అనుకున్నారు. అంటే అక్కడా మెట్టవాళ్లున్నారన్నమాట! అక్కడ వేరే కొనాలి కాబట్టి కొనలేదు. ఇక్కడ కలిపి ఇస్తామన్నా కొనం. గుమ్మానికి నిమ్మకాయలు కడతాం, ప్రీమియం కట్టం.

కట్టకపోయినా సర్కారుందిగా. 2024 విజయవాడ ముంపులో కింది అంతస్తుకు 25,000, పై అంతస్తుకు 10,000 ఇచ్చింది. ఇవ్వాల్సిందే, కాదనను. కానీ దయ అందుకోవాలంటే జాబితాలో పేరు వెతుక్కోవాలి, క్యూలో నిలబడాలి, ఫొటోకు నవ్వాలి. హక్కుకైతే రసీదు చాలు. ఆ రసీదు కొనే అలవాటు మనకు లేదు, నేర్పే ఓపిక సర్కారుకు లేదు. ఉభయులకూ అనూహ్యమే చవక.

నీళ్లు దిగాక ఒక ఇంటికి వెళ్లాను. గోడ మీద నడుమెత్తున గోధుమరంగు గీత, స్కేలు పెట్టి గీసినట్టుంది. ముంపు ఎక్కడిదాకా వస్తుందో పైసా ఫీజు లేకుండా ఏరు వేసి ఇచ్చిన మ్యాపు అది. "దీన్ని చెరపకు బాబాయ్" అన్నాను. "పండక్కి సున్నం కొట్టకుండా ఉంటామేంట్రా, చుట్టాలొస్తారు" అన్నాడు. సంక్రాంతికి వెళ్తే గోడ పాలలా తెల్లగా ఉంది. మరక పోయింది, మెరక తిరిగొచ్చింది. పక్క ప్లాటు అమ్మకానికి పెట్టారట, కొనేవాళ్లతో బాబాయే చెబుతున్నాడు: "నీళ్ల భయం అస్సల్లేదండీ, మాది మెట్ట."