సుబ్బక్క అట్లూ, సామ్రాజ్యవాదమూ

బళ్లారి మోతీ సర్కిల్ దగ్గర ఆ ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. చూడకపోయినా వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది, మీ గ్రూపులో ఎవరో ఒకరు దాని కింద దండం బొమ్మ పెట్టే ఉంటారు. కాబట్టి పోటీ పరీక్షలకు ప్రపంచ చరిత్రంతా ఒక్క రోజులో చెప్పేసే ఆ మహత్కార్యాన్ని మళ్లీ వివరించను. ఫొటోలో కోచింగ్ సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెనకాల పిరమిడ్డు, పక్కన నెపోలియన్. నెపోలియన్ కన్నా సార్ ఒక మూర ఎత్తు. డీఎస్సీ వాళ్లకూ అదే క్లాసు, గ్రూప్స్ వాళ్లకూ అదే, కేఏఎస్ వాళ్లకూ అదే. తెలుగులో చెప్తారు, కన్నడంలో నోట్సిస్తారు, ఇంగ్లీషులో రసీదు ఇస్తారు. సరిహద్దు జిల్లా అంటే ఇట్లా ఉండాలి.

ఆదివారం పొద్దున తొమ్మిదికి సుమేరులో మొదలుపెడితే సాయంత్రం ఐదుకు సామ్రాజ్యవాదం దగ్గర దింపేస్తారు. పులిహోర పొట్లానికీ టీకీ కలిపి గంట తీసేయండి, ఏడు గంటలు మిగిలాయి. ఐదు వేల ఏళ్లను ఏడు గంటలతో భాగించి చూశాను. నిమిషానికి దాదాపు 12 ఏళ్లు. అంటే ఏడాదికి ఐదు సెకన్లు. 80 ఏళ్లు బతికిన బుద్ధుడికి ఏడు నిమిషాలు కూడా పూర్తిగా రావు, జ్ఞానోదయంతో కలిపి. నూరేళ్ల యుద్ధం పది నిమిషాల్లో ముగుస్తుంది. ఈ కిటుకు అప్పుడే తెలిసి ఉంటే ఇంగ్లండూ ఫ్రాన్సూ అంతమంది బిడ్డల్ని చంపుకునేవి కావు. కళింగ యుద్ధానికి ఐదు సెకన్లిస్తే అశోకుడు గెలవగలడు గానీ, బాధపడటానికి మాత్రం తీరిక దొరకదు.

ఇక పేర్లు గుర్తుపెట్టుకోడానికి ఇచ్చే కోడ్‌ల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, మన్నించాలి. ఇంట్లో పొద్దస్తమానం ఇవే వింటున్నాను.

మా అన్న కొడుకు గుంతకల్లు నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. బుద్ధిమంతుడు, కష్టపడతాడు. మొన్న పళ్లు తోముకుంటూ ‘సుబ్బక్క అట్లు బాగా అదిరాయి, సుబ్బక్క అట్లు బాగా అదిరాయి’ అని జపం చేస్తున్నాడు. మా వీధిలో సుబ్బక్క ఎవరా అని ఆలోచించాను. “సుబ్బక్క కాదు చిన్నాయనా, మెసొపొటేమియా!” అన్నాడు. సు అంటే సుమేరియన్లు. అట్లు అంటే అక్కాడియన్లు. బాగా అంటే బాబిలోనియన్లు. అదిరాయి అంటే అసీరియన్లు. మూడు వేల ఏళ్లు ఒక పెనం మీద.

“మరి రెండు ‘అ’లు ఉన్నాయి గదప్పా, అక్కాడు ఏదో అసీరియా ఏదో ఎట్లా తెలుస్తుంది?” అన్నాను. దానికీ కోడ్ ఉంది. ‘అట్టు పోసినాకే అదిరేది’. అంటే కోడ్‌ను గుర్తుపెట్టుకోడానికి ఇంకో కోడ్. సరే, అసీరియా కూలిపోయాక బాబిలోను మళ్లీ లేచిందే, నెబుకద్నెజరు ఏలాడే, ఆయన ఎక్కడున్నాడు? లేడు. సుబ్బక్క అట్లను రెండోసారి ఎవరూ మెచ్చుకోలేదు గనక ఆయన లేడు. ఎలామైట్లు, కస్సైట్లు, హిట్టైట్లు కూడా అట్టుకు రాలేదు, కాబట్టి చరిత్రకూ రాలేదు. హమ్మురాబి అయితే ‘బాగా’లో ఎక్కడో దాక్కుని ఉన్నాడు. రాతి మీద అన్ని చట్టాలు చెక్కించినవాడు, మన దగ్గర ఒక దీర్ఘంలో సర్దుకున్నాడు.

చైనాకు ‘షావుకారు జౌళి చింపి హారమేశాడు’. షాంగ్, జౌ, చిన్, హాన్. ఈ షావుకారెవరు, జౌళి ఎందుకు చింపాడు, హారం ఎవరికేశాడు అని అడగకూడదు. అడిగితే హాన్ దాటి ముందుకు పోలేం. చిన్ చక్రవర్తి తనకు నచ్చని పుస్తకాలన్నీ పోగేయించి తగలబెట్టించాడని చదువుకున్నాం. ఈ కోడ్ పుస్తకం ఆయన చేతికి చిక్కలేదే అని మొదటిసారి నాకు బాధేసింది.

గ్రీకులకు నలుగురు తత్వవేత్తలు, ఒక పరుగుపందెం. ఫ్రెంచి విప్లవానికి రొట్టె, రాణి, గిలెటిన్. పారిశ్రామిక విప్లవానికి యంత్రాలు కనిపెట్టినవాళ్ల పేర్లు మాత్రమే, వాటి కింద నలిగినవాళ్లు బిట్టుకు పనికిరారు.

ఇంతవరకూ నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ తర్వాత ఆఫ్రికా వచ్చింది.

ఆఫ్రికాను పంచుకున్న దేశాలకు కోడ్ ఏమిటో తెలుసా? ‘బిర్యానీ, ఫ్రై, జిలేబీ, బెల్లం, పూరీ, ఇడ్లీ, సాంబార్’. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం, పోర్చుగల్, ఇటలీ, స్పెయిన్. క్లాసులో ఇది చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారట. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో కూర్చున్న దొరలు కూడా ఇంత నిస్సిగ్గుగా మెనూ రాసుకోలేదు. వాళ్లు కనీసం నాగరికత, వర్తకం, బానిస వ్యాపారం రద్దు అని నాలుగు పెద్ద మాటలు అడ్డం పెట్టుకున్నారు. ఆ సమావేశానికి ఒక్క ఆఫ్రికా మనిషినీ పిలవలేదు. మన క్లాసుకూ పిలవలేదు.

ఆ బెల్లం సంగతి చెప్తాను. కాంగో అప్పుడు బెల్జియం దేశానిది కూడా కాదు. 1885 నుంచి 1908 దాకా అది రాజు లియోపోల్డు సొంత ఆస్తి. కాబట్టి కోడ్ అక్కడే తప్పు. అడవిలో రబ్బరు తీసి ఇంత అని తేవాలి. తక్కువ తెచ్చిన ఊళ్ల మీదికి సైనికులు వెళ్లేవాళ్లు. కాల్చిన ప్రతి తూటాకూ లెక్క చెప్పాలి, లెక్క కోసం నరికిన కుడిచెయ్యి చూపాలి. తూటా వేటకు వృథా అయితే బతికున్నవాళ్ల చేతులు నరికి లెక్క సరిపెట్టేవాళ్లు. తన బిడ్డ చెయ్యీ కాలూ ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చున్న తండ్రి ఫొటో ఉంది, ఎవరైనా చూడొచ్చు. దానికి బెల్లం అని పేరు పెట్టి, చప్పట్లు కొట్టించి, డబ్బు తీసుకుంటారా? సిగ్గుండాలి.

పైగా ఎక్కడ కూర్చుని కొట్టారు ఆ చప్పట్లు? బళ్లారిలో!

అయ్యా, మనం ఆ విస్తరి ముందు కూర్చున్నవాళ్లం కాదు. విస్తట్లో ఉన్నవాళ్లం. 1800లో నిజాం తన దగ్గరుంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారినీ అనంతపురాన్నీ కడపనూ రాసిచ్చేశాడు. ఇక్కడి మనుషుల్ని ఎవరూ అడగలేదు. దత్త మండలాలు అన్నారు. థామస్ మన్రో వచ్చి ఏడేళ్లు ఏలాడు, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం పెట్టాడు. ఆయన మీద మమకారంతో మనవాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని చెప్పుకుంటారు. మన నేలను పట్టుకున్నవాడి పేరే మన బిడ్డకు పెట్టుకోవడం ఎట్లా జరిగింది? సామ్రాజ్యవాదం గురించి ఒక పూటంతా మాట్లాడుకోదగ్గ ప్రశ్న ఇది. దీనికి కోడ్ లేదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, మన నల్లరేగడి పత్తికి ధర లేచింది. యుద్ధం ఆగింది, ధరా పడింది. పత్తి కోసం జొన్న చేను మానుకున్నవాడు ఏమయ్యాడు? ఆ తర్వాత పదేళ్లకు ధాత నామ సంవత్సరపు కరువొచ్చింది. మద్రాసు రాజధానిలో 1876–78 కరువు పీల్చి పిప్పి చేసిన జిల్లాల్లో బళ్లారిది ముందు వరస. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా చాటుతూ దర్బారు జరిగింది, విందులు జరిగాయి. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ దొర మన వైపు బయల్దేరి వచ్చి, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొంచెం చిల్లర చాలని తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఖజానాకు ఖర్చెక్కువవుతోందని.

ఇవి లండన్ సంగతులు కావు, బెర్లిన్ సంగతులు కావు. ఆ ఫ్లెక్సీ కట్టిన కర్రలు పాతింది ఈ నేలలోనే.

ఇంకా వినండి. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా బ్రిటన్‌తో పోరాడి పట్టుబడిన బోయర్లను సముద్రాలు దాటించి మన దేశంలో శిబిరాల్లో పెట్టారు, వాటిలో ఒకటి బళ్లారి. ‘పూరీ’, ‘ఇడ్లీ’ల గోలలో పడి, ఆఫ్రికా యుద్ధం మన వీధి దాకా నడిచొచ్చిన సంగతి ఎవరికీ పట్టలేదు. 1921 నవంబరులో మలబారు మాప్పిళ్ల ఖైదీలను తిరూరులో గూడ్సు పెట్టెలో కుక్కి తలుపులు బిగించారు. పోదనూరులో గానీ తెరవలేదు. మొత్తం దాదాపు 70 మంది ఊపిరాడక చచ్చిపోయారు. ఈ దుర్ఘటన పేరు బిట్లలో వస్తుంది, సంవత్సరం కూడా వస్తుంది. ఆ ఖైదీలను ఎక్కడికి తీసుకుపోతున్నారో రాదు. బళ్లారి జైలుకు.

మా వాడికి ఇది చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సిలబస్‌లో లేదు చిన్నాయనా” అన్నాడు, మెల్లగా. వాణ్ణి ఏమనను? నాలుగు ఉద్యోగాలకు నాలుగు లక్షల మంది పోటీపడే చోట పిల్లవాడు ఏ గడ్డిపోచ దొరికితే అది పట్టుకుంటాడు. నా కోపం వాడి మీద కాదు. ‘కింది వాటిలో సరికానిది ఏది’ అని అడిగి, ఓఎంఆర్ బబుల్ దిద్దిస్తే చరిత్ర వచ్చినట్టేనని నమ్మే పరీక్షల బోర్డుల మీద. ఆ నమ్మకాన్ని పొట్లాలు కట్టి అమ్ముకునే దుకాణాల మీద.

పోనీ ఆ క్లాసులో మొదటి సగం, ప్రాచీన చరిత్రైనా మన గడపలో లేదా అంటే, అదీ ఉంది. సుబ్బక్క తొలి అట్టు పోస్తున్న రోజుల్లోనే, అంటే సుమారు ఐదు వేల ఏళ్ల కిందటే, ఈ ప్రాంతంలో పశువుల మందలు తోలుకునే జనం పేడను పోగేసి కాల్చి బూడిద దిబ్బలు లేపారు. కుడితిని దిబ్బ హొసపేట రోడ్డు మీదే ఉంది. హంపీ దగ్గర నింబాపురంలో దిబ్బను వాలి చితాభస్మం అంటారు. దొరలు వచ్చి అగ్నిపర్వతమా, కొలిమి చిట్టెమా అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇది పేడ బూడిదేనని పసిగట్టాడు. 1960ల్లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ పశువుల దొడ్ల సంగతి తేల్చి పుస్తకం రాశాడు. సంగనకల్లు, కప్పగల్లు కొండల మీద ఆ జనం చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. రాయితో కొడితే కంచులా మోగే బండలున్నాయి. వాళ్లు కొట్టిన గుంటలు వాటి మీద ఇంకా కనిపిస్తాయి. ఆ కొండల్నే క్వారీల కోసం పగలగొట్టారు. ఊళ్లో బ్రూస్ ఫుట్ పేరిట మ్యూజియం ఉంది, వెళ్లి చూడండి, తోపులాట ఉండదు. అశోకుడు సొంత పేరు రాయించుకున్న శాసనాలు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటిలో రెండు మన జిల్లాలో, నిట్టూరు, ఉదేగోళంలో ఉన్నాయి. ఇదే ఊళ్లో వకీలు కోలాచలం శ్రీనివాసరావు గారు లోకంలోని నాటకాల చరిత్రంతా చదివి ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఆయన ఏ ఆదివారపు క్లాసుకు వెళ్లారో మరి.

ఆఫ్రికా పటం మీద దొరలు స్కేలుతో గీసిన గీతల గురించి కూడా రెండు నిమిషాలు చెప్తారట. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు, బళ్లారి ఇటు అయిన గీత మీద బతుకుతున్నాం. ఇనుప రాయి కోసం ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు గుర్తులనే చెరిపేశారన్న గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. గీతల గురించి మనకు చెప్పడానికి సార్ కొంచెం ధైర్యస్తుడే.

క్లాసు సామ్రాజ్యవాదంతో ఎందుకు ఆగిపోతుందని మావాణ్ణి అడిగాను. ఆ దేశాలన్నీ తిరగబడి స్వాతంత్య్రం తెచ్చుకున్నాయి గదా, అది ఎప్పుడు చెప్తారు?

“అది పార్ట్ టూ. దానికి ఫీజు వేరే.”