రెప్పల వదిన

ప్రతి ఇంట్లో ఒకరుంటారు. హైదరాబాదులో ఏ ముస్తాబు మొదలైనా బాన్సువాడలో అది ముందు దిగేది వాళ్ళ ఒంటి మీదే. జుట్టు సాపు చేయించుకోవడం వచ్చినప్పుడు వాళ్ళే, గోళ్ళ మీద పూలు పూసినప్పుడూ వాళ్ళే. మా ఇంట్లో ఆ పదవి మా వదినది. ఎన్నిక లేదు, పోటీ లేదు, దిగిపోయే తేదీ లేదు. వీధిలో మిగతావాళ్ళు ఇంకా కనుబొమల దగ్గరే ఆగి ఉండగా ఆమె ఇంకో అంగుళం కిందికి దిగి, నిజామాబాద్ వెళ్ళి కనురెప్పలు పెట్టించుకొచ్చింది.

"ఎట్లున్నయి?" అని గుమ్మంలోనే అడిగింది. ఏవి ఎట్లున్నాయో అర్థంకాక అన్నయ్య "కమ్మలు కొత్తవా?" అన్నాడు. ఆ రాత్రి ఆయన కంచంలో పప్పు ఉప్పు లేకుండా దిగింది.

వదిన వాటిని లాషెస్ అంటుంది. మా అమ్మకు నోరు తిరగక లాసులు అంటుంది. పాత సినిమాల్లో నాయికలు పెట్టుకున్న పట్టీ రెప్పలు వేరు. అవి షూటింగ్ అయిపోగానే తీసి డబ్బాలో పెట్టుకునేవి. ఇవి తీసేవి కావు. మన రెప్పవెంట్రుక ఒక్కోదాని మీద, చర్మానికి తగలకుండా కాస్త ఎడంగా, ఒక్కో సన్నటి పోగు అతికిస్తారు. మింక్ అనీ సిల్క్ అనీ పేర్లు పెడతారు గానీ చాలావరకు పాలిస్టర్ జాతి పోగే. వదినకు చెప్పకండి. పై రెప్పకు సుమారు 90 నుంచి 150 వెంట్రుకలుంటాయి కాబట్టి రెండు కళ్ళూ అయ్యేసరికి రెండు గంటలు పడుతుంది. అంతసేపూ ఆమె కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుందంటే నమ్మడానికి అన్నయ్య పార్లరుకు ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడు.

అతికించే బంక పేరు సయనోఅక్రిలేట్. అమెరికాలో హ్యారీ కూవర్ అనే ఆయన, ఆయన జట్టు 1942లో తుపాకులకు గురి చూసే సరంజామా కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది చేతికి తగిలింది. ముట్టిన ప్రతిదానికీ అంటుకుంటోందని విసుక్కుని పక్కన పడేశారు. 1958లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ దాన్నే బంకగా బజారుకు తెచ్చింది. మన కిరాణా కొట్టులో ఐదు రూపాయలకు దొరికే ఫెవిక్విక్‌దీ ఈ వంశమే. ఈ సంగతి నేను చదివి వినిపించిన రోజున అన్నయ్య, "ఈసారి ఊడితే చెప్పు, నేనే అతికిస్త" అన్నాడు. ఆ రాత్రీ పప్పు చప్పగానే ఉంది. (కంటి దగ్గర వాడే బంకను వేరే తీరుగా తయారుచేస్తారు. ఇంట్లో ఎవరూ అన్నయ్య మాట వినొద్దు.)

మొదటి రెండు రోజులు నీళ్ళూ ఆవిరీ తగలొద్దని పార్లరువాళ్ళు కట్టడి చేశారు. ఒక్కరోజు చాలనేవాళ్ళూ ఉన్నారు, కానీ మా వదిన ఎప్పుడూ ఎక్కువ చెప్పినవాళ్ళనే నమ్ముతుంది. ఆ రెండు రోజులు కుక్కర్ మూత తీసే పని అన్నయ్యది, ఇడ్లీ పాత్ర దించే పని నాది. వదిన హాల్లో కుర్చీ వేసుకుని, విజిళ్ళు ఎన్ని వచ్చాయో అక్కణ్ణుంచే చెప్పేది.

అసలు వైభోగం మూడో రోజు మొదలైంది. రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక వాష్‌బేసిన్ అద్దం ముందు నిలబడుతుంది. ఈమె ఇనుప పీచుతో రుద్దితే గ్యాస్ పొయ్యి మీద కంపెనీ పేరు చెరిగిపోయింది. ఈమె బండ మీద దుప్పట్లు ఉతుకుతుంటే పక్కింటి కుక్క లేచి వెళ్ళిపోతుంది. ఆ చేతికే ఇప్పుడు ఇంత నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందో! ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. చిన్న సీసా నొక్కితే తెల్లటి నురుగు వస్తుంది, నూనె కలవని రకం. దాన్ని మెత్తటి కుంచె మీదికి తీసుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో అద్దంలో చూసుకుంటూ, రెప్ప మొదలు నుంచి కొస వైపు ఒకే దిక్కుగా లాగుతుంది. అడ్డంగా రుద్దితే పోగులు మెలిపడతాయి. అందరూ కొసలే కడుగుతారట, మురికేమో మొదళ్ళలో ఉంటుందట. చెమట, జిడ్డు, పౌడరు పేరుకునేది రెప్ప అంచున ఉన్న ఆ సన్నగీతలోనే. కుంచె ఆ గీత వెంట నడుస్తున్నంతసేపూ వదిన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

కడగడానికి బోరు నీళ్ళు పనికిరావు. తాగడానికి తెచ్చుకున్న ఇరవై లీటర్ల క్యాను నీళ్ళే కావాలి. ఆ తర్వాత తువ్వాలు ముట్టదు, దూదిని దగ్గరికి రానివ్వదు, వాటి నూగు రెప్పల్లో చిక్కుకుంటుందని. టిష్యూతో అద్దుతుంది, తుడవదు. ఆరబెట్టడానికి అరచేతిలో పట్టే బుల్లి ఫ్యాను ఉంది. అందులో ఛార్జింగ్ అయిపోతే విసనకర్ర, విసిరేది అన్నయ్య. చివర్లో బొటనవేలంత బ్రష్షుతో పైకి దువ్వి, రెండుసార్లు రెప్పలాడించి "ఆఁ" అంటుంది. అది వినపడ్డాకే మేము టీవీ సౌండు పెంచుకోవచ్చు.

మా అమ్మకు ఇదంతా చూస్తే ఒళ్ళు మంట. "మీ అందరికి ఆముదం రాసే రెప్పలు పెంచిన. నూనె తగిల్తె ఊడిపోయే రెప్పలేంది బిడ్డా?" అంటుంది. అమ్మ మాటకు మా రెప్పలే సాక్ష్యం, కానీ ఆముదం మర్యాద బంకకు తెలియదు కదా! నూనె తగిలితే దాని పట్టు సడలుతుంది. అందుకని కొబ్బరినూనె సీసా, ఇంట్లో పట్టిన కాటుక, కళ్ళ కింద పూసుకునే క్రీము అన్నీ అమ్మ గదిలోకి కాపురానికి వెళ్ళాయి. అమ్మ తలకు నూనె పెట్టించుకునే రోజున వదిన నుదుటికి పైన గుడ్డ కట్టుకుని, చేతులు చాచి, దూరంనుంచి రాస్తుంది. "నా తలకేమన్న కరెంటున్నదా?" అని అమ్మ.

నాకూ ఈ రెప్పల పోటు తగిలింది. నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. 1931లో నిజాంసాగర్ పూర్తయినప్పటి నుంచీ మా చుట్టుపక్కల ఊళ్ళకు వరే ఆధారం. కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్క లారీలు, ఒక పక్క ఆరబోసిన వడ్లు. గాలి లేచిందంటే దుమ్ము నా చొక్కా ఎక్కి నాతోపాటే ఇంటికొచ్చేది. ఇప్పుడు దానికి గేటు దగ్గరే ఆపు. "మరిదీ, ఆడ్నే దులుపుకొని రా!" అని లోపలినుంచి కేక. నేను వీధిలో చొక్కా దులుపుకుంటుంటే పోయేవాళ్ళంతా అప్పులవాడు వదిలిపెట్టిన మనిషిని చూసినట్టు చూస్తారు.

రాలిన పోగులను ఆమె టిష్యూ మీద పేర్చి లెక్కపెట్టుకుంటుంది. మొదట్లో బెంగపడిపోయింది. మన వెంట్రుకే కాలం తీరి రాలుతూ తన మీది పోగును వెంటబెట్టుకుపోతుంది. రోజుకు ఒకటి నుంచి ఐదు దాకా పోవడం మామూలే. ధైర్యం చెబుదామని, "కొనుగోలు కేంద్రంల క్వింటాకు తరుగు తీసినట్టే అనుకో వదినా" అన్నాను. "తరుగు తీస్తె రైతులు ఊకుంటున్నరా? నేనెందుకు ఊకోవాలె?" అని అప్పుడే పార్లరుకు ఫోన్ కొట్టింది.

మనం దేన్నయినా కళ్ళకద్దుకునే మనుషులం. హారతి, ప్రసాదం, బోణీ నోటు, కాలికి తగిలిన పుస్తకం, ఏదైనా సరే. వదిన ఇప్పుడు అన్నీ నుదుటికి అద్దుకుంటోంది. బీర్కూరు దగ్గర తిమ్మాపూర్ వెంకన్న గుడికి వెళ్ళినప్పుడు హారతి పళ్ళెం రాగానే అడుగు వెనక్కి వేసి, వేడి అరచేతులను గడ్డం దాకా తెచ్చి ఆపేసింది. పూజారి ఎగాదిగా చూశాడు. నవ్వొచ్చింది గానీ ఆమె భయం ఒట్టిది కాదు. సెగ తగిలితే ఆ పోగుల కొసలు ముడుచుకుపోతాయి.

మొన్న వర్నిలో దగ్గరివాళ్ళ పెళ్ళి. అప్పగింతలప్పుడు ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. వదిన మాత్రం తల పైకెత్తి పందిరి గుడ్డ వంక చూస్తోంది. కన్నీళ్ళు చెంపల మీదికి జారాక, అక్కడ, టిష్యూతో అద్దుతోంది. పెళ్ళికూతురి మేనత్త "మీ వదినకు మాయెడ ప్రేమ లేదు" అని నాతోనే అంది. నిజానికి ఆ పందిట్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా వదినే, రెప్ప నలగకుండా.

అక్కడే ఇంకో రకం మనిషి తగిలింది. మా బంధువుల అమ్మాయి. నీళ్ళు తగిలితే రెప్పలు ఊడిపోతాయని ఎవరో చెబితే, పెట్టించుకున్ననాటి నుంచి కళ్ళు కడగనేలేదు. మొదళ్ళలో చుండ్రులాంటి పొట్టు, అంచులు ఎర్రగా, ఒకటే దురద. వదిన భోజనాల బల్ల అవతలినుంచే పట్టేసింది. "కడుక్కుంటున్నవా?" అని అడిగి, ఆ అమ్మాయి బిక్కమొహం చూసి, చేతిలోని కంచం పక్కన పెట్టేసింది. ఆ పిల్ల దురదకు తాళలేక ఒక పోగును గోటితో పీకబోతే చెయ్యి పట్టి ఆపింది. పీకితే అసలు వెంట్రుక కూడా మొదలంటా వస్తుంది. "ఇది నాతోని అయ్యేది కాదు, కండ్ల డాక్టరుకు చూపియ్యాలె" అని మర్నాడు పొద్దున్నే తనే తీసుకెళ్ళింది. రెప్ప అంచు వాపు, బ్లెఫరైటిస్ అని డాక్టరు చెప్పారు. రెప్పలు పార్లరులో తీయించి మందు వాడమన్నారు. రెప్పలు కడుక్కోవడం గురించి డాక్టరు కూడా రెండు ముక్కలు చెప్పడంతో వదిన వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆమెను ఆటపట్టిస్తాను గానీ, నేను మీసానికి రంగేసుకున్న పూట అద్దంలోంచి తల తిప్పను, సాంబారు ముట్టను, ఎవరైనా నవ్విస్తే కోపం. ఆ విషయం ఇంట్లో అందరికీ తెలుసు. వదిన ఒక్కతే ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు. పైగా ఇంట్లో బండి ఆయిల్ మార్చడం, ఫిల్టరు కడగడం, ట్యాంకు తోమించడం మూడేళ్ళుగా రేపు అంటున్న ఇద్దరు మగవాళ్ళ మధ్య, దేన్నయినా పెట్టుకున్నాక రోజూ చూసుకునే మనిషి ఈమె ఒక్కతే.

రెండు మూడు వారాలకోసారి ఖాళీలు పూడ్పించుకోవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. రానుపోను ఖర్చు లేదన్న ఆ ఒక్క మాటతోనే రెప్పల ఖర్చుకు అమ్మ నోరు మూయించింది. కాబట్టి బాన్సువాడ నుంచి నిజామాబాద్ వెళ్ళే బస్సులో పొడుగాటి రెప్పల ఆవిడ ఎవరైనా కిటికీ మూయమని అడిగితే, ఎందుకని అడక్కుండా మూసేయండి. అడిగారో, నిజామాబాద్ వచ్చేదాకా చెబుతుంది.