చెవితో ట్యూనింగు, గొట్టంతో పాసు

మా రోజుల్లో బండి పొగ కక్కితే వెనకాల వచ్చేవాడు తిట్టేవాడు. ఆ తిట్లు పడలేక మెకానిక్ దగ్గరికి పోయేవాళ్లం. ఇప్పుడు తిట్టేవాడు లేడు. మీటర్లో పసుపు దీపం ఒకటి వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో తోలేవాడికీ తెలీదు, కృష్ణానగర్ సందులో గోనెపట్టా మీద పానాలు పరుచుకుని కూర్చున్న మెకానిక్‌కీ తెలీదు. స్కానరున్నవాడికే తెలుసు. వాడు ఏసీ గదిలో ఉంటాడు. మనం బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాడెప్పుడు పిలుస్తాడా అని చూడాలి.

సినిమా కంపెనీల బళ్లు తోలి, బాగుచేసి తల నెరిసినవాణ్ణి నేను. అంబాసిడర్‌కి ఎస్‌యూ కార్బురేటర్, పద్మినికి సోలెక్స్. ఔట్‌డోర్ షూటింగుకి పోతే ఒక స్క్రూడ్రైవరు, పాయింట్లు గీకడానికి ఉప్పుకాగితం, జెట్టు ఊదడానికి నోరు. అంతే సరంజామా. బండి దగ్గిందంటే జెట్టులో నలక పడిందన్నమాట. ఫ్లోట్ చాంబరు విప్పి, ఆ ఇత్తడి జెట్టు తీసి ఎండకేసి పట్టి చూస్తే, బెజ్జంలోంచి వెలుతురు చుక్కలా కనపడాలి. కనపడకపోతే ఊదడమే. పెట్రోలు రుచి సాయంత్రం దాకా నాలుకని వదిలేది కాదు. తొందరపడి పిన్నీసు పెట్టి పొడిచిన కుర్రాళ్లకి మా మేస్త్రీ వీపు వాయించేవాడు. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదైతే ఆ బండి ఇక జన్మలో మైలేజీ ఇవ్వదు.

ఇక ట్యూనింగు. ఇంజను వేడెక్కాక మిక్స్చర్ స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే చప్పుడు పెరుగుతూ పోయి, ఒకచోట తడబడుతుంది. అక్కణ్ణుంచి పావు తిప్పు వెనక్కి. నమ్మకం చాలకపోతే నాలుగు కిలోమీటర్లు తోలి ప్లగ్గు విప్పి చూడాలి. ఇటుకపొడి రంగులో ఉంటే సరే. మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ. దీనికి ఏ కంపెనీ పాస్‌వర్డూ అక్కర్లేదు.

అప్పుడు గాలి గంగాజలంలా ఉండేదని నేననడం లేదు. ఆర్‌ఎక్స్ 100లూ చేతక్‌లూ పెట్రోలుతో పాటు ఆయిల్నీ కాల్చుకుంటూ పోతుంటే తెల్లచొక్కా వేసుకుని వెనక కూర్చోవాలంటే భయం. పెట్రోల్లో సీసం ఉండేది. దేశమంతా అది పోయింది 2000 ఫిబ్రవరిలో. 2000కి ముందు తయారైన బైకుకి పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ నాలుగున్నర శాతం దాకా ఉన్నా పాసే. ఆ తర్వాత వచ్చినవాటికి మూడున్నర. ఇప్పటి భారత్ స్టేజ్ 6 బైకుకి అరశాతం దాటకూడదు. అరశాతానికి దింపారంటే, నాకెంత చిరాకున్నా, మంచిపనే చేశారు.

నా గొడవంతా దింపిన పద్ధతితో. 2006లో హీరో హోండా గ్లామర్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టినప్పుడు మావాళ్లంతా నవ్వారు, నూటపాతిక సీసీ బండికి కంప్యూటరెందుకురా అని. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 వచ్చి పడ్డాక నవ్వు ఆగిపోయింది. చవక బళ్లు కొన్నిటికి పూర్తి ఇంజెక్షన్ పెడితే గిట్టుబాటు కాదని మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు, ఎలక్ట్రానిక్ కార్బురేటర్. చూడ్డానికి పాతదానిలాగే ఉంటుంది. పక్కన వైర్లుంటాయి. పెట్రోలు ఎంత పోవాలో స్క్రూ కాదు, సెన్సర్లూ ఒక చిన్న పెట్టె కలిసి తేలుస్తాయి.

ఇదీ కొత్తేం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1981లోనే తన కార్లకి ఇలాంటిది పెట్టింది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ కబురు చెబితే, కార్బురేటర్లోని సూది సెకనుకి పదిసార్లు ఆడి మిశ్రమం సర్దేది. అక్కడి మెకానిక్కులూ దీన్ని పీకేసి పాతరకం బిగించడం మొదలెట్టారు. అందుకే కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్‌కి పోతే, పొగ ఎంత శుభ్రంగా ఉన్నా ముందు బానెట్ ఎత్తి చూస్తారు. కంపెనీ ఇచ్చిన సామాను లేకపోతే, దాని బదులు పెట్టినదానికి ప్రభుత్వం ఒప్పుకున్న నంబరు లేకపోతే, ఫెయిల్.

మన దగ్గర గొట్టం పెడతారు, ఫొటో తీస్తారు, పొమ్మంటారు.

మా సందులో ఒక అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడున్నాడు. బండిని ప్రెషర్ పంపుతో కడిగించి కనెక్టర్లోకి నీళ్లు పోనిచ్చాడు. దీపం వెలిగింది, పికప్ పోయింది. విడిగా సెన్సర్ దొరకదు, మొత్తం సెట్టు కొనమన్నారట. దాని ధర వాడి గది అద్దె అంత. పాత సామాన్ల కొట్టులో మామూలు కార్బురేటర్ కొని బిగించుకొచ్చాడు. దీపం మీద నల్లటేపు ముక్క అతికించాడు.

"బాబాయ్, పొల్యూషన్లో ఫెయిల్ అంటున్నాడు, కొంచెం చూడవా?"

"ఎవడు బిగించాడ్రా?"

"నేనే. యూట్యూబ్‌లో చూసి."

ఆ గొట్టం పరీక్ష గుట్టు చెప్తాను. బైకుని ఐడిలింగులో ఉంచి కొలుస్తారు. నిలబెట్టిన బండి స్లో జెట్టు నుంచే పెట్రోలు తాగుతుంది. మిక్స్చర్ స్క్రూ బిగించి, ఇంజను ఆరిపోకుండా ఐడిల్ కాస్త పెంచితే, సైలెన్సర్లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంకా బతికే ఉంటే, అరశాతం లోపలికి వచ్చే అవకాశం ఉంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక స్క్రూ మళ్లీ వదులు చేసుకోవడం, పికప్ కావాలిగా. అదే బండి మీద ఇద్దరు కూర్చుని చెక్‌పోస్టు ఎత్తు ఎక్కుతుంటే పని చేసేది మెయిన్ జెట్టు. దాన్ని అడిగినవాడే లేడు. పెట్రోలు ఎక్కువ పోతుంటే కన్వర్టర్ కూడా ఎన్నాళ్లో ఆగదు. పైగా ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అందులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి ఆ తేడా పసిగట్టి సర్దుకుంటుంది. పాత కార్బురేటర్‌కి పెట్టిన జెట్టు పెట్టినట్టే. కాబట్టి పాతదే గొప్ప అని నా చేత అనిపించాలనుకుంటే కుదరదు.

కానీ కుర్రాణ్ణి తిట్టడానికీ నోరు రాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని కంపెనీ ఇచ్చిన లెక్క తప్పించి మార్చకూడదంటుంది. బాగుంది. మరి కంపెనీ ఇచ్చినదాన్ని బాగుచేసుకునే దారి ఏది? సెన్సర్ విడిగా అమ్మరు, కోడ్ చదివే పరికరం సందు మెకానిక్ చేతికి అందదు. పొద్దున్నే బేటా లెక్క చూసుకుని యూనిట్ వ్యాన్ ఎక్కే మనుషులున్న పేట ఇది. షోరూముకి పోయి మొత్తం సెట్టు మార్పించుకోమంటే ఎవడు మార్పిస్తాడు? చట్టం రాసినవాళ్లు సామాను ధర కూడా ఒకసారి చూసి ఉండాల్సింది.

స్క్రూ నేను ముట్టుకోలేదు. ముందు నువ్వు పీకేసిన కంపెనీ ముక్కని తీసుకురా, కనెక్టర్ ఆరబెట్టి, పిన్నులు తుడిచి చూద్దాం, చాలాసార్లు అంతే ఉంటుంది అన్నాను. రేపు బండి అమ్మాలన్నా ఆర్సీలో భారత్ స్టేజ్ 6 అనే ఉంటుంది, కొనేవాడు అడుగుతాడు అని కూడా చెప్పాను.

వాడు తల గోక్కున్నాడు. ఆ ముక్కని అప్పటికే పాత ఇనప సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేశాట్ట.