ఎక్కించడానికి మోటారు, దించడానికి సింహాద్రి అప్పన్న

కరెంటు మౌంటెన్ బైకు కొనదలచుకున్న విశాఖవాసి మొట్టమొదట పాటించాల్సిన నియమం, దాన్ని తొక్కి చూడకపోవడం. "ఒక రౌండు కొట్టి రండి సార్" అని షాపువాడు బతిమాలినా లొంగకండి. తొక్కితే సీటు ఎత్తు తెలిసిపోతుంది, బ్రేకు పట్టు తెలిసిపోతుంది, లేనిపోని అనుమానాలు మొదలవుతాయి. నలుపు మీద నారింజ గీతలున్నది చూసుకుని, సైజు మాత్రం రెండు నంబర్లు పెద్దది తీసుకోండి, బడి తెరిచే ముందు పిల్లాడికి యూనిఫాం కుట్టించినట్టు. మీరూ ఎదుగుతారు. నలభై అయిదేళ్లొస్తే ఏం?

ఆ తరవాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మైలేజీ ఎంతిస్తుంది?" అరవై అంటాడు. ఎక్కడ అరవై, ఎవరు తొక్కితే అరవై అని ఆరా తీయకండి. చదును రోడ్డు మీద, మోటారు అతి తక్కువ సాయం పడుతుంటే, ఎదురుగాలి లేనప్పుడు, బక్కపలచటి మనిషి తొక్కితే వచ్చే అరవై అది. లెక్కలు కట్టే దుర్గుణం ఉన్నవాళ్లు బ్యాటరీ మీద రాసింది చదువుతారు. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే 360 వాట్ అవర్లు. మనిషీ బండీ కలిపి వంద కిలోలనుకుంటే 300 మీటర్ల ఎత్తుకి చేర్చడానికే 80 వాట్ అవర్ల పైన కావాలి. మోటారు వేడెక్కి పారేసేది, టైరు కింద గులకరాళ్లు మింగేది దానికి అదనం. కాళ్లు సాయం పట్టకపోతే అలాంటి రెండు కొండలతో బ్యాటరీ సగానికి పైగా ఖాళీ. ఈ గొడవంతా మనకెందుకు? "దిగేటప్పుడు మళ్లీ చార్జయిపోద్ది గురూ" అని పక్కనెవరో ఒకరు అంటారు. నమ్మేయండి. పెడళ్ల దగ్గర మోటారుండే మిడ్-డ్రైవ్ బళ్లలో దిగుడు మీద వెనక చక్రం ఫ్రీవీల్‌తో దానిమానాన తిరుగుతుంది, ఆ కదలిక మోటారు దాకా రానే రాదు. చక్రం మధ్యలో ఉండే గేర్ల మోటారుదీ ఇంచుమించు అదే వరస. అయినా నమ్మకం ముఖ్యం.

ఈ నమ్మకాన్ని పరీక్షించుకోవడానికి యారాడని మించిన చోటు లేదు. సింధియా వైపు నుంచి కొండెక్కండి. టర్బో మోడ్ పెట్టి, కాళ్లు ఊరికే తిప్పుతూ. ఆపైన అటు సముద్రం దాకా జారిపోండి. బీచిలో ఫొటోలు దిగాక గుర్తొస్తుంది, ఇంటికి రావాలంటే దిగిందంతా ఎక్కాలని. బ్యాటరీ బొమ్మలో ఒక్క గీత ఎర్రగా మినుకుతూ ఉంటుంది, రెండో మలుపులో అదీ పోతుంది. పాతిక కిలోల బండిని నెట్టుకుంటూ, పిక్కలు పట్టేసి, చెమటకి చేతులు గ్రిప్పుల మీద జారుతుంటే, వెనకనుంచి కొబ్బరిబొండాల మోపెడ్ మీద వచ్చిన పెద్దాయన కాస్త స్లో చేసి, "ఏటి బాబూ, కరెంటు పోనాదేటి?" అని అడిగి వెళ్లిపోతాడు.

వాట్ల దగ్గర పిసినారితనం అసలు పనికిరాదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 250 వాట్ల లోపు పవరు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం, తగిన ఆమోదం ఉన్న కరెంటు సైకిలు మోటారు వాహనం కిందికి రాదు. లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. ఇంత హాయి ఎవరికి కావాలి? వెయ్యి వాట్ల కిట్టు ఆన్‌లైన్లో తెప్పించి వెనక చక్రంలో పెట్టించుకోండి. దాంతో మీ సైకిలు చట్టం దృష్టిలో నంబరూ ఇన్సూరెన్సూ లేని మోటారు బండి అవుతుంది. మీరెవరినైనా గుద్దితే సంగతేమిటన్న మాట తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. అన్నట్టు, చక్రం మధ్యలో ఉన్న మోటారు మీరు వేసే గేర్ల ఉపయోగం ఎరగదు. నిటారు ఎక్కుడులో నడకంత వేగానికి పడిపోయినప్పుడు తినే కరెంటులో చాలా భాగం వేడైపోతుంది. మిడ్-డ్రైవ్ అయితే మీరు చిన్న గేరు వేస్తే అదీ తేలిగ్గా తిరుగుతుంది. కాకపోతే ఖరీదు. మోటారు బలంగా లాగుతున్నప్పుడే గేరు మార్చి చైను తెంపుకునే భాగ్యం కూడా దాంట్లోనే ఎక్కువ.

ఫ్రేము గురించి ఒక ముక్క. ఊళ్లో ఇంత పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ ఉండి కూడా మనం కొనేది అల్యూమినియం సైకిలే. ఒడిశా కొండల్లో బాక్సైటు తవ్వి, దామన్‌జోడిలో అల్యూమినా చేసి, మన పోర్టు నుంచే ఓడలకెక్కిస్తారు. మీ బండి ఫ్రేములో ఆ పొడి ఉందో లేదో ఎవరు చెప్పగలరు గానీ, ఉక్కునగరంలో కాపురముంటూ ఆ ముచ్చట చెప్పుకుంటే షాపులో ఒక టీ దక్కుతుంది.

ఇక బ్రేకులు. మోటారుకీ రంగుకీ పెట్టగా మిగిలిన డబ్బుతో ఏవి వస్తే అవి చాలు. మనం ఎక్కడానికి కదా కొంటున్నది! 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. కిందకొచ్చేసరికి వెనక హబ్బులోని బ్రేకు గ్రీజు కాలి పొగైపోయేది, ప్రతిసారీ మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు అలాగే వచ్చింది. వాళ్ల సైకిళ్లకి మోటారు లేదు, బ్యాటరీ బరువూ లేదు. మీకు రెండూ ఉన్నాయి. 180 నుంచి 203 మిల్లీమీటర్ల డిస్కులూ, హైడ్రాలిక్ బ్రేకులూ ఉండాలనేది పిరికివాళ్ల మాట. వైరు బ్రేకుని పైనుంచి కింద దాకా ఒకే పట్టు పట్టుకుని దిగండి. వదిలి పట్టుకుంటే డిస్కుకి ఊపిరి తిరుగుతుంది, చల్లబడుతుంది, మనకా సుఖం వద్దు.

అందులోనూ ముందు బ్రేకు జోలికి పోవద్దని చిన్నప్పుడే చెప్పారు కదా, పల్టీ కొడతామని. ఆ మాట మీదే ఉండండి. మన కొండల ఖోండలైటు రాయి ఎండకీ వానకీ చివికి, గట్టి ఎర్రమట్టి మీద బఠాణీ గింజంత గులకల్ని పరిచి పెడుతుంది. అక్కడ వెనక బ్రేకు ఒక్కటే బిగపట్టారనుకోండి, చక్రం తిరగడం మానేసి పక్కకి జారుతుంది, దాని వెనకే మీరు. బరువు ముందుకి తూగే దిగుడులో ఆపే శక్తి ఎక్కువగా ముందు చక్రానిదే. నడుం కాస్త వెనక్కి వాల్చి, పెడళ్లు రెండూ సమానంగా నిలిపి, మోచేతులు వంచి, ఒక్క వేలితో మెల్లగా నొక్కేవాళ్లు నిలబడే ఇంటికొస్తారు. మీరు సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి.

చవక బళ్లలో పెడలు తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సారు ఉంటుంది, ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి అనవసరం. మీరు ఆగాక కూడా క్షణం పాటు తోస్తుంది. ఆ క్షణాన్ని మలుపు దగ్గర, లోయ పక్కన ఉంచుకోండి.

టైర్లలో గాలి రాయిలా కొట్టించండి. ట్యూబ్‌లెస్‌లో పాతిక పీఎస్‌ఐ చుట్టూ పెట్టి, లోపల సీలెంటు పోసేవాళ్లు పల్లేరు కాయల్నీ సర్కారు తుమ్మనీ చూసి భయపడ్డవాళ్లు. మీరు ట్యూబుతోనే వెళ్లి, ముల్లు దిగాక రోడ్డు దాకా మోసుకొచ్చి పంక్చరు షాపులో పెట్టండి. అతను చక్రం కేసి చూస్తాడు, ఇరుసులోంచి బయటికొచ్చిన లావుపాటి వైరు కేసి చూస్తాడు, చెయ్యి లుంగీకి తుడుచుకుంటాడు. "దీన్ని విప్పితే మళ్లా నడుస్తాదా?" అని మిమ్మల్నే అడుగుతాడు. ఆ వైరుకి ఒక కనెక్టరు ఉంటుందనీ, బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టి నొక్కాలనీ కొన్నరోజే చూసుకుని ఉంటే చెప్పగలిగేవారు.

చోట్ల మాటకొస్తే, కంబాలకొండ అభయారణ్యంలో టికెట్టు గేటు కాకుండా కంచె తెగిన చోట దూరండి. చిరుతలు ఉన్నాయి గానీ వాటికి టికెట్టు అడిగే అలవాటు లేదు. అటవీశాఖ వాళ్లకి ఉంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మరీ అనువు. వేల ఏళ్ల పాటు గాలీ నీరూ కలిసి కట్టిన ఇసుక అది, భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకీ ఎక్కింది. మీ టైరు గాడి పడితే వచ్చే వానకి నీళ్లు అందులోంచే పారతాయి, ఆపై వానకి అది చిన్న వాగు. అంత పాతదాని మీద మన పేరు కూడా ఉండొద్దూ? డాల్ఫిన్స్ నోస్ వైపు మాత్రం నేనూ సలహా ఇవ్వను. నేవీ వాళ్లకి హాస్యం అర్థమవుతుందన్న హామీ లేదు.

హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకోండి, హ్యాండిల్‌కి దెబ్బ తగలదు.

ఇంటికొచ్చాక బురద బండిని నేరుగా వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చేయండి, లారీలు కడిగే పైపుతో మోటారు మీదా బేరింగుల మీదా కొట్టమనండి. ఐపీ67 అని రాసి ఉంది కదా! నీళ్లలో కాసేపు మునిగితే తట్టుకుంటుందని దాని అర్థం, ఆ పైపు ధాటికి తట్టుకుంటుందని కాదు. చైనుకి వాడేసిన ఇంజనాయిలు దట్టంగా పట్టించండి, పోర్టు నుంచి వచ్చే బొగ్గుదుమ్ము వృథా పోకుండా అక్కడే అంటుకుంటుంది. ఎండలోంచి వచ్చి కాలిపోతున్న బ్యాటరీని అప్పటికప్పుడే, దొరికిన చార్జర్‌తో, వీధిగుమ్మం పక్కన పెట్టి రాత్రంతా వదిలేయండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే బయటికి పోయే దారి అదొక్కటే అయినా, ప్లగ్గు అక్కడే కదా ఉంది.

ఆర్నెల్లకి అమ్మకానికి పెడతారు. "ఫస్టు ఓనర్, చాలా తక్కువ వాడకం, ఒక పక్క మాత్రమే గీతలు" అని రాయండి. ఏ పక్క అని అడిగినవాడితో బేరం ఆపేయండి. కుడివైపు పడ్డ బండికి గేర్ల హ్యాంగర్ వంగి ఉంటుందని వాడికి తెలుసు.